రోజా చేతులు

డిగ్రీ రెండో సంవత్సరంలో జెన్నిఫర్ ఒక అదనపు కోర్సులో చేరింది. విశాఖపట్నంలో ఆమె చదివే కాలేజీలో బీఎస్సీతో పాటు పక్కన ఇంకో చిన్న చదువు కూడా చదువుకోవచ్చని ఆ ఏడే మొదలుపెట్టారు. కంప్యూటర్లు, కుట్టుపని, వాక్కు వినికిడి శాస్త్రం. కంప్యూటర్ల సీట్లు వెంటనే అయిపోయాయి. కుట్టుపని ఇంట్లో అమ్మే నేర్పుతుంది. మిగిలింది మూడోది కాబట్టి అందులో చేరింది. తర్వాత అడిగినవాళ్ళందరికీ మాత్రం, "మా కాలేబు బావ కూతురి కోసమే చేరాను" అని చెప్పేది. చెప్పగా చెప్పగా అదే నిజమని తనకీ నమ్మకం కుదిరింది.

కాలేబు ఆమె మేనత్త దోర్కాస్ కొడుకు. అతని కూతురు రోజాకి పుట్టుకతోనే వినపడదు. అయితే ఆరేళ్ళ రోజాకి మాటలు రావని ఎవరైనా అంటే నందిగాం దగ్గరి ఆ పల్లెలో నవ్వేవాళ్ళు. ఆ పిల్లకి మాటలకేం కొదవ? అన్నీ చేతుల్లో ఉండేవి. నాయనమ్మ దోర్కాస్ చేటలో జీడిపప్పు పోసుకుని పొట్టు తీస్తుంటే, రోజా ఎదురుగా గొంతుక్కూర్చుని వీధిలో జరిగిందంతా ఒప్పజెప్పేది. మీసం మెలేస్తే నాన్న. చెవి తమ్మె లాగితే నాయనమ్మ. కళ్ళు మూసి చెయ్యి పైకెత్తితే పాస్టరు సైలసయ్యగారు. పిడికిలి మీద బొటనవేలు వంచి పెడితే జీడిపండు. వీటిని ఎవరూ నేర్పలేదు. నాయనమ్మా మనవరాలూ కలిసి చేసుకున్నవి.

ఒకసారి సైలసయ్యగారి మేక చర్చిలో దూరి పాటల పుస్తకం నమిలేసింది. ఆ సంగతి రోజా చెప్పిన తీరు ఊరంతా పాకింది. మేక దవడ ఆడించడం, అయ్యగారు కర్రతో తరమడం, మధ్యలో పంచె జారబోతే గబుక్కున పట్టుకోవడం, ఏదీ వదల్లేదు. చివరికి అయ్యగారే వాళ్ళింటికొచ్చి, మళ్ళీ చెప్పించుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

జెన్నిఫర్ కోర్సులో పాఠం చెప్పే మేడమ్ ఒక మాట గట్టిగా చెప్పేది. చేతులతో పని జరిగిపోతుంటే పిల్లలు నోరు తెరవరు, కాబట్టి సైగలు ఆపించాలి. ఒక్కొక్క విద్యార్థీ ఒక పిల్లనో పిల్లవాణ్ణో ఎంచుకుని కొన్ని నెలలు మాటలు నేర్పించి చూపించాలి. జెన్నిఫర్ రోజాని ఎంచుకుంది. పిల్లని విశాఖ తీసుకెళ్ళి పరీక్ష చేయించింది, ప్రభుత్వ శిబిరంలో వినికిడి మిషను ఇప్పించింది. గౌను జేబులో ఒక పెట్టె, దాన్నించి చెవికి తీగ, చెవిలో అచ్చు పోసిన బిరడా. ఇదంతా ఓపికగానే చేసింది. అందులో వంక పెట్టడానికేమీ లేదు.

వంక అంతా ఆ ఎండాకాలం సెలవుల్లో ఉంది. రెండువేల ఆరో సంవత్సరం అది. కాలేబు ఇంటి పంచలో అందర్నీ కూర్చోబెట్టి జెన్నిఫర్ పాఠం చెప్పింది.

"ఇయాల్టి నుంచి రోజాతో ఎవులూ సేతుల్తో మాటాడకూడదత్తా."

దోర్కాస్ చేట పక్కన పెట్టింది. "మరి నాతో ఎలాగ మాటాడతాదే?"

"నోటితో. మిషను పెట్టాం గదా. నువ్వు సేతులాడించినన్నాళ్ళూ దానికి నోరు రాదు."

"రాకపోతే ఏటయిపోనాది? మాకు రోజంతా మాటలే."

రోజా తల్లి రూతమ్మ కల్పించుకుంది. "నీకేటత్తా, నువ్వెన్నాళ్ళుంటావు? రేపు దానికి బడి గావాల, పెళ్ళి గావాల. లోకమంతా నీలాగ దాని సేతులు సూసుకుంటా కూకుంటాదా?"

దోర్కాస్ మళ్ళీ చేట అందుకుంది. జెన్నిఫర్ ఎలా చెయ్యాలో చూపించింది. రోజా ఏదో చెప్పబోతూ చేతులెత్తగానే రెండు మణికట్లూ మెల్లిగా పట్టుకుని కిందికి దించి, తన నోటి వైపు చూపించింది. "గట్టిగా కాదక్కా, ఇలాగ. దించి, నోరు సూపించాల." రోజా అది ఆటనుకుని నవ్వింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ దించింది జెన్నిఫర్. అలా కాసేపు జరిగాక పిల్ల నవ్వడం మానేసి, తల్లి మొహం వైపు చూసింది. రూతమ్మ కూడా తన నోరు చూపించింది.

కాలేబుకి ఇల్లొక్కటి సరిపోతుందనిపించలేదు. పిల్ల వీధిలో తిరిగేది, వీధంతా దాని చేతులకి జవాబు చెప్పేది. వెళ్ళి సైలసయ్యగారికి చెప్పాడు. ఆయన మంచి మనిషి, పైగా చదువుకున్న పిల్ల మాటంటే గౌరవం. ఆదివారం ఆరాధనలో లేచి, మన సంఘపు బిడ్డ జెన్నిఫర్ పెద్ద చదువు చదివి మన రోజాకి మాట రప్పించబోతోందనీ, ఆ పిల్లతో ఎవరూ సైగలు చెయ్యకుండా సహకరించాలనీ చెప్పారు. అందరూ "ఆమేన్" అన్నారు.

ఆ సంఘంలో ఆమేన్ అన్నారంటే అన్నారన్నమాటే. ఒక ఆదివారం కల్లు మానతామని ఆమేన్ అన్న మగవాళ్ళు ఆ ఏడు పెళ్ళిళ్ళలో మజ్జిగ తాగి లేచారు. చుట్ట మానతామన్న ముసలమ్మలు వక్క నములుతూ కాలక్షేపం చేశారు. ఒకరు తప్పితే అందరూ తప్పినట్టే అని వాళ్ళ లెక్క. ఉపవాసం ఉన్నంత నిష్ఠగా ఉండేవాళ్ళు. ఇప్పుడు అదే నిష్ఠ రోజా మీదికి తిరిగింది. కిరాణా కొట్టుకెళ్ళి బెల్లం కోసం వేలు నాకి చూపిస్తే కొట్టాయన తల అటు తిప్పుకునేవాడు. సండే స్కూలు పిల్లలైతే మరీను. "రూతత్తా! రోజా సెయ్యెత్తినాది!" అని పరిగెత్తుకుంటూ వెళ్ళి చెప్పేవాళ్ళు. చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. ఊరంతా మంచివాళ్ళే కావడం వల్ల ఆ పిల్లకి తప్పించుకునే సందు లేకుండా పోయింది.

దోర్కాస్ పొట్టు తీసేటప్పుడు తప్ప చేతులు కొంగు కిందే ఉంచుకునేది. బయట ఉంటే వాటంతటవే కదులుతాయని భయం.

జెన్నిఫర్ విశాఖ వెళ్ళిపోయింది. కాలేబు అప్పుడప్పుడూ నందిగాం వచ్చి టెలిఫోన్ బూతు నుంచి హాస్టలుకి ఫోన్ చేసేవాడు. "జెన్నీ, 'అమ్మ' అన్నాదే! రూతు ఒకటే ఏడుపు!" అని అరిచాడొకసారి. ఆ వార్త జెన్నిఫర్ క్లాసులో చెబితే మేడమ్ అందరి చేతా చప్పట్లు కొట్టించింది. ఆ రాత్రి ఆమెకి సంతోషంతో అన్నం సయించలేదు. పిల్ల మిగతా సమయమంతా ఏం చేస్తోందని అడగాలని మాత్రం తట్టలేదు.

డిసెంబరులో ఆ మేడమ్ బదులు కొత్త సారు వచ్చారు. వస్తూనే క్లాసుని వినపడని పిల్లల హాస్టలు చూపించడానికి తీసుకెళ్ళారు. ఆటస్థలంలో రోజా ఈడు పిల్లలు గుంపులుగా కూర్చుని చేతులతో కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒక పిల్ల ఏదో కథ చెబుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఆ పిల్లని చూస్తూ జెన్నిఫర్ కూడా నవ్వింది. మేక కథ గుర్తొచ్చి ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"పిల్లలకి ముందు ఏదో ఒక భాష ఉండాలి," అన్నారు సారు. "చేతులదైనా సరే, నోటిదైనా సరే. ఒకటి ఉంటే దాని ఆసరాతో రెండోది నేర్పొచ్చు. ఉన్నదాన్ని లాక్కుని, రానిదాని కోసం కూర్చోబెడితే ఈలోగా ఆ పిల్ల దేంతో ఆలోచించుకోవాలి? ఎవరికేం చెప్పుకోవాలి?"

జెన్నిఫర్ సారు దగ్గరికి జరిగింది. "సార్, ముందే సైగలున్న పిల్లకి అవి ఆపించేస్తే..."

"ఉన్నవాటినా? ఎవరాపించారు?"

"ఎవరూ ఆపించలేదు సార్. ఊరికే అడిగాను."

ఆ సాయంత్రమే ఫోన్ చెయ్యొచ్చు. కిరాణా కొట్టాయనకి సెల్‌ఫోను ఉంది, కబురు పెడితే కాలేబు వచ్చి మాట్లాడతాడు. చెయ్యలేదు. ఎలాగూ క్రిస్మస్‌కి వెళ్తున్నాం కదా, ఇవన్నీ ఫోన్లో చెప్పే విషయాలా అని తనకి తాను సర్దిచెప్పుకుంది. అసలు సంగతి, 'నేను చెప్పింది తప్పు' అన్న మూడు ముక్కలు నోటికి రాకపోవడం. అది తనకీ తెలుసు. తెలిసినందుకు ఇంకా సిగ్గేసింది.

పలాసలో రైలు దిగి జీపెక్కి ఊరు చేరేసరికి చర్చి మీద రంగుకాగితాల నక్షత్రం కట్టేశారు. క్రిస్మస్ నాడు పిల్లల కార్యక్రమంలో రోజాని స్టేజీ ఎక్కించారు. కొత్త గౌను, జేబులో మిషను, తలనిండా కనకాంబరాలు. రూతమ్మ కింద నుంచి 'యేసయ్యా' అని పెదవులు కదిపి చూపించింది. రోజా చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, మెడ నరాలు ఉబ్బేలా బిగబట్టి, "యే... ...య్య" అంది.

చర్చంతా లేచి నిలబడింది. ఆడవాళ్ళు ఏడ్చారు. కాలేబు మోకాళ్ళ మీద పడిపోయాడు. సైలసయ్యగారు జెన్నిఫర్‌ని స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆమె తల వంచుకునే ఉంది. ఎంత అణకువో చూశారా అని అందరూ మెచ్చుకున్నారు. శాలువా విదిలించి పారేసి ఇంటికి పారిపోవాలనిపించింది ఆమెకి.

రోజా స్టేజీ దిగి ఒక మూల కూర్చుంది. చుట్టూ పిల్లలు మిఠాయిల కోసం కలియబడుతుంటే వాళ్ళ మొహాలు కూడా చూడలేదు. మెడ ఒక పక్కకి వాల్చుకుని ఉంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక జెన్నిఫర్ మిషను చూస్తానని కాలేబు ఇంటికి వెళ్ళింది. రోజా చెవిలోంచి బిరడా తీసింది. గుప్పున వాసన కొట్టింది. లోపలంతా పుండు, చీము.

"అక్కా! ఇదెప్పట్నుంచి?"

రూతమ్మ వంగి చూసి బిత్తరపోయింది. "ఓలమ్మో... పుండేటి సెల్లీ? రోజూ నానే పెడతన్నాను. పెట్టినప్పుడల్లా ఏడిసేది. మిషనంటే ఇష్టం నేదనుకున్నాను."

"సెవి మీద సెయ్యి పెట్టి సూపించలేదా?"

"పెట్టేది..." రూతమ్మ తన చేతుల వైపు చూసుకుంది. "పెట్టేది. నాను దించీసీదాన్ని. దించి, నోరు సూపించీదాన్ని. నువ్వే గదా..."

గోడకి ఆనుకుని దోర్కాస్ కూర్చుని ఉంది. "నాకు సెప్పినాది," అంది మెల్లిగా. "కోతల ముందు. సెవి సూపించి, పొయ్యిలో నిప్పు సూపించినాది. మండిపోతందని. నాకు తెలిసిపోనాది. తెలిసీ మొగం తిప్పీసినాను. నాను కూడా ఆమేన్ అన్నాను గదే."

కోతల ముందంటే ఎన్ని వారాలైందో లెక్కపెట్టే ధైర్యం జెన్నిఫర్‌కి లేకపోయింది. పిల్ల చెప్పింది. అర్థమయ్యేలా, అందరికీ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఒక చెయ్యి వచ్చి దాని చేతుల్ని దించేసింది. ఆ చెయ్యి రూతమ్మదీ కాదు, దోర్కాస్‌దీ కాదు, తనదే. విశాఖలో కూర్చుని చప్పట్లు కొట్టించుకుంటున్నప్పుడు కూడా తన చెయ్యే ఇక్కడ ఆ మణికట్టు మీద ఉంది. ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. రోజా ఆమె పెదవుల వైపే శ్రద్ధగా చూస్తోంది, ఏదైనా పలకమంటుందేమోనని.

అప్పటికప్పుడు టెక్కలి తీసుకెళ్ళారు. డాక్టరు శుభ్రం చేసి, మందు రాసిచ్చి, పుండు మానేదాకా మిషను పెట్టొద్దన్నాడు. ఇక ఆ కాస్త చప్పుడు కూడా లేదు. పిల్లకి ఇప్పుడు చెవీ లేదు, చేతులూ లేవు. పుండు మానుతుంది. రోజా మళ్ళీ ఎప్పటికైనా నోరారా, అదే, చేతులారా కబుర్లు చెబుతుందా అన్నదే జెన్నిఫర్‌ని తినేస్తోంది.

తిరిగొచ్చాక రోజా ముందు కూర్చుని, చెవి చూపించి, నిప్పు చూపించి, ఇంకా మండుతోందా అని చేతులతో అడిగింది. రోజా గబుక్కున చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుంది. పరీక్ష పెడుతున్నారనుకుంది కాబోలు.

"అత్తా, నువ్వడుగు. నీకైతే సెబుతాది."

దోర్కాస్ కొంగు కింద చేతులు బిగించుకుంది. "నానడగనే. సంఘంలో అన్నమాట. ఇంట్లో కూకుని నువ్వూ నానూ తీసీడానికి నేదు. అక్కడ కట్టింది అక్కడే ఇప్పాల."

జెన్నిఫర్ వెళ్ళి సైలసయ్యగారికి విషయమంతా చెప్పింది. విని ఆయన, "ఆ రోజు నాను సెప్పినాను. ఈసారి నువ్వే సెప్పాలమ్మా," అన్నారు.

ఆదివారం సాక్ష్యాల సమయంలో జెన్నిఫర్ లేచింది. జనం మొహాలు వెలిగిపోయాయి, దేవుడు తనని ఎలా వాడుకున్నాడో చెబుతుందని. తప్పు మా మేడమ్‌ది అని మొదలుపెడదామని ఇంటి దగ్గరే అనుకుని వచ్చింది. మొదటి వరుసలో చెవిలో దూది పెట్టుకుని కూర్చున్న రోజాని చూశాక ఆ మాట రాలేదు.

"నాను మీ అందరి సేతా తప్పు సేయించినాను," అంది. "సగం నేర్సుకుని వొచ్చి అంతా తెలిసినట్టు సెప్పినాను. మీరు నమ్మినారు. ఈ పిల్ల సెవి కుళ్ళిపోతన్నాదని మనందరికీ సెప్పినాది. మనం ఇనలేదు. ఇనొద్దని సెప్పింది నాను."

వెనక నుంచి పెద్దాయన పోలారావు లేచాడు. "మరి క్రిస్మస్ నాడు యేసయ్యా అన్నాది గదమ్మా! అది మంచిది కాదేటి?"

"మంచిదే పెదనాన్నా. అదీ నేర్పుదాం. కానీ నొప్పెడతందని సెప్పుకోడానికి దానికా మాట సాలదు."

పోలారావు నిలబడే ఉన్నాడు. తర్వాత తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ కూర్చున్నాడు. సైలసయ్యగారు ముందుకొచ్చి, ఇక మీదట ఈ బిడ్డతో అందరూ చేతులతో మాట్లాడవచ్చనీ, మాట్లాడాలనీ ప్రకటించారు. "ఆమేన్" అన్నారు అందరూ. కొందరు రెండుసార్లన్నారు. దోర్కాస్ చేతులు కొంగులోంచి బయటికొచ్చాయి.

అందరూ రోజా వైపు తిరిగారు. అప్పుడు తెలిసింది వాళ్ళకి. ఆ కట్టుబాటు తీసేశారని అందరికీ తెలుసు, రోజాకి తప్ప. ఆ కబురు నోటితో చెబితే ఆ పిల్లకి వినపడదు. చేతులతో చెబితే అది తప్పని వాళ్ళే నేర్పారు.

రూతమ్మ బెంచీ మీద నుంచి జారి, కూతురి ముందు నేల మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆ మణికట్లు పట్టి దించిన తన చేతుల్నే పైకెత్తింది. ఆమెకి దోర్కాస్ అంత బాగా రాదు. రోజా చెవి తాకింది, నిప్పు చూపించబోయి తడబడింది, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, ఏదైనా చెప్పమని కూతురి ముందు చాచింది.

రోజా కళ్ళు పెద్దవయ్యాయి. చుట్టూ ఇంతమంది ఉన్నారు, అందరూ చూస్తున్నారు. ఒక్క దూకు దూకి తల్లి రెండు చేతులూ పట్టుకుంది. గబగబా కిందికి లాగి, తన గౌను కుచ్చిళ్ళ కింద కప్పేసి, కనపడకుండా వాటి మీద కూర్చుంది. అప్పుడు తలెత్తి, జెన్నిఫర్ గానీ చూసిందేమోనని భయంభయంగా ఆమె వైపు చూసింది.